కారున్నంత కాలం

మా నాన్న పోయిన పన్నెండో రోజు, భోజనాల ఆకులు ఇంకా ఎత్తకముందే, నా తమ్ముడు నన్ను అడిగాడు.

"అప్పా, కారెప్పుడు అమ్మేస్తన్నావు?"

మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు. తిన్నావా అని అడగలేదు. ఆ రోజు నేను తిననూ లేదు.

తమ్ముడంటే నా తోడబుట్టినవాడు కాడు. మా నాన్నకు మగపిల్లలు లేక మా బాబాయి రెండో కొడుకుని ఏడేళ్ళప్పుడు పెంపకానికి తెచ్చుకున్నాడు. విజయనగరం బజారులో మా గోనెసంచుల కొట్టు, వెనక ఇల్లు, పెరడు అన్నీ వాడికే పోయాయి. అందులో వింతేమీ లేదు. కూతురికి ఎవరిస్తారు, అందులోనూ మొగుడు పోయి పుట్టింట పడ్డ కూతురికి? కానీ చచ్చేముందు నాన్న దస్తావేజులు రాసే ఆయన్ని మంచం దగ్గరికి పిలిపించి ఒక కాగితం రాయించాడు. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. ఆ కాగితం మాత్రం ఎన్నిసార్లు చదివానంటే ఇప్పుడు కళ్ళు మూసుకుని చెబుతాను. కారు నా కూతురిది. ఆ కారు పెట్టే వీధివైపు షెడ్డు కూడా, కారున్నంత కాలం, ఆమెదే. అంతే ఉంది.

ఆ రెండు మాటల మీద నా తల మీది కప్పు నిలబడింది. కారు అమ్మేస్తే షెడ్డు తమ్ముడిది, అమ్మకపోతే నాది. వాడికి షెడ్డు గోడ పగలగొట్టి వీధిలోకి కొత్త కొట్టు తెరవాలని ఆశ. నాకేమో ఇంకో చోటు లేదు. అత్తవారు టెక్కలి వైపు ఉన్నారు. వాళ్ళు నన్ను పంపేసిన రోజునే, బండి ఇంకా మలుపు తిరగకముందే, గుమ్మం కడిగారు. ఆ నీళ్ళ చప్పుడు నేను విన్నాను.

నాన్న నాకు కారు రాశాడని విని ఊళ్ళో చాలామంది ప్రేమ అనుకున్నారు. నాకు తెలుసు అది ఏమిటో. పదహారేళ్ళకి మొగుడు పోతే అత్తవారు నన్నూ నా బంగారాన్నీ ఒకే బండిలో తిప్పి పంపారు. వడ్డాణం, కాసులపేరు, వంకీలు. "ఇంక దానికెందుకివి" అని నాన్న అమ్మతో అన్నాడు, నేను పక్కగదిలో మేలుకుని ఉండగానే. ఆ ఏడే ఏదో దివాణం వాళ్ళు పాత కారు అమ్ముతుంటే కొన్నాడు. గుడ్డ టాపు, ముందు ఇత్తడి దీపాలు, పక్కన రబ్బరు బూర. డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. చింతపండు పెట్టి ఆ దీపాలు తోమేటప్పుడు మాత్రం ఇది నా వంకీ, అది నా వడ్డాణం అని లోపల అనుకునేదాన్ని.

తోమేది నేనే, పద్నాలుగేళ్ళు. కడగొచ్చు, తుడవొచ్చు, ఎక్కకూడదు. ఎందుకంటే బజారులో ఏ షావుకారింట పెళ్ళయినా ఊరేగింపు మా కారులోనే. నాన్న అద్దె పుచ్చుకునేవాడు కాదు, దండాలు పుచ్చుకునేవాడు. విధవ కూర్చున్న సీటులో పెళ్ళికూతుర్ని ఎవరు కూర్చోబెడతారు? పెళ్ళిరోజున కారు కడిగేసి నేను పెరట్లోకి పోవాలి, అది గేటు దాటేవరకు బయటికి రాకూడదు. ఒకసారి చీపురు మరిచిపోయి తీసుకోవడానికి వచ్చాను. పెళ్ళివారు కారు ఆపించి, దిగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మళ్ళీ ఎక్కారు. వారం రోజులు నాన్న నాతో మాట్లాడలేదు. అమ్మ అప్పటికి లేదు. ఉంటే ఆవిడా మాట్లాడేది కాదు.

నాన్న పోయాక నేను చేసిన మొదటి పని ఆ కారు ఎక్కి కూర్చోవడం. వెనక సీటులో, సరిగ్గా మధ్యలో. స్ప్రింగు ఒకటి గుచ్చుకుంది. ఇంతేనా అనిపించింది.

కారు తోలేవాడు ఒక డ్రైవరు. దివాణం నుంచి కారుతోపాటే మా ఇంటికి వచ్చాడు. కారు ఎలా కడగాలో, ఏ కీలుకి నూనె వెయ్యాలో నాకు నేర్పింది అతనే, నా ముఖం చూడకుండా, మాట కారుతో అంటున్నట్టు. సీటు కింద పెట్రోలు టాంకీ, దాని కింద చిన్న ఇత్తడి మర. "అమ్మగోరూ, ఆ మర మాత్రం ముట్టుకోకండి. పెట్రోలు ఇంజనుకెల్లే దారి అదే. బండి ఆపినాక కట్టీయాల, తీసే ముందు ఇప్పాల. అది ఇప్పకుండా రోజంతా హేండిలు తిప్పినా బండి లేవదు" అనేవాడు. కారు తీసే ప్రతిసారీ ముందు సీటు పక్కకి వంగి ఆ మర తిప్పడం, తర్వాతే ముందుకి వెళ్ళి హేండిలు పట్టుకోవడం, పద్నాలుగేళ్ళు చూశాను.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్ల మీదే దొరికేది. బస్సులకి వెనక బొగ్గుపొయ్యి కట్టి నడిపేవారు. శ్రీకాకుళంలో అలాంటి బస్సులు రెండు నడిపే ఒకాయన నాన్న పోయిన నెలకే బేరానికి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి టైర్లని కాలితో తన్ని చూశాడు.

"టైర్లు బాగున్నాయమ్మా. ఈ రోజుల్లో టైర్లకే బండి కొంతన్నారు."

"నాను అమ్మను."

"మల్లీ వస్తాను."

"రండి. సూసుకుని పొండి."

మా తమ్ముడు అరుగు మీద నిలబడి ఇదంతా విన్నాడు. ఆ పూట నాకు అన్నంలో చారు పొయ్యలేదు వాడి పెళ్ళాం. నేనూ అడగలేదు.

నాన్న పేరు మీద పెట్రోలు కూపన్లు ఆయన పోయాక కూడా నాలుగు నెలలు వచ్చాయి. వాటిని షెడ్డులో ఒక రేకుపెట్టెలో ఉంచేవాళ్ళం. తాళంచెవి డ్రైవరు దగ్గర ఉండేది. రెండో చెవి ఒకటి ఉందని నాకూ తమ్ముడికీ మాత్రమే తెలుసు. వాడు ఆ కూపన్లు తీసి దొంగతనంగా అమ్ముకున్నాడు. నేను చూశాను. నేను చూశానని వాడూ చూశాడు. తాలూకా కచేరీ నుంచి కూపన్లేవని అడగడానికి మనిషి వచ్చిన రోజు వాడు షెడ్డులోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అంతకు ముందెప్పుడూ కూర్చోలేదు.

"అప్పా, తాళం ఎవులి కాడున్నాదని అడుగుతారు. ఉన్నది సెప్పు. మరేటీ సెప్పొద్దు."

"సెప్తే?"

"షెడ్డు మాట నానెత్తను."

ఉన్నదే చెప్పాను. తాళంచెవి డ్రైవరు దగ్గరుండేది అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. కొట్లవాళ్ళందరూ చూస్తుండగా నా తమ్ముడు డ్రైవరుని నడివీధిలో చెప్పుతో కొట్టాడు. ఖాకీ కోటు మాది కాబట్టి అది విప్పించాడు. లోపల చొక్కా లేదు. అతను అలా నిలబడి నా వైపు చూశాడు. నేను బాల్చీ తీసుకుని కారు కడగడానికి వెళ్ళాను.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. గోనెల మిల్లులో మూటలు మోస్తున్నాడని విన్నాను. నా కప్పు నాకుంది కదా అనుకున్నాను.

కారు ఏడాది కదలలేదు. పెళ్ళిళ్ళకి ఎవరూ అడగలేదు, ఇప్పుడది నా కారు కాబట్టి. నేను మాత్రం కడుగుతూనే ఉన్నాను. తమ్ముడు ఇచ్చిన మాట ప్రకారం షెడ్డు మాట ఎత్తలేదు. ఏడాది తిరిగాక నా దగ్గర కాదు, కులపెద్దల దగ్గర ఎత్తాడు. కారంటే నడిచేది, నడవనిది ఇనుము, ఇనుము పెట్టుకోవడానికి నా షెడ్డు ఎందుకివ్వాలి అని. అప్పుడు నాకు తెలిసింది, ఆ రోజు నడివీధిలో వాడు కొట్టింది డ్రైవరుని ఒక్కణ్ణే కాదని. కారుని లేపగలిగిన ఒక్క మనిషినీ నా నోటితోనే గెంటించాడు.

పెద్దలు ఆలోచించి చెప్పారు. పున్నమి వెళ్ళిన మర్నాడు వస్తాం. మా ముందు స్టార్టయితే అది కారు, షెడ్డు ఆమెది. కాకపోతే ఇనుము, షెడ్డు అబ్బాయిది.

మిట్టమధ్యాహ్నం ఎండలో కంటోన్మెంటు అవతల డ్రైవరు ఉండే పాకకి నడిచి వెళ్ళాను. పాక ముందు గోనెపట్టా మీద కూర్చుని కాలి పుండుకి గుడ్డ కట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏటమ్మగోరూ, మీ ఇంట్లో ఇంకేటైనా పోయిందేటి?"

"పెద్దలొస్తన్నారు. కారు స్టార్టు సెయ్యాల."

"ఊర్లో డ్రైవర్లు మరి లేరా?"

"దాని గుణం నీకే తెలుసు."

"నా గుణం మీకు తెల్దా? మరేటి సెప్పేరు?"

అతను కట్టు ముడి వేసుకుని, అప్పుడు నా ముఖం చూశాడు.

"వస్తాను. కూలి వొద్దు. కూపన్లు ఎవులు తీసారో ఆ పెద్దల ముందు సెప్పండి. సెప్పినాకే హేండిలు ముట్టుకుంతాను."

"నా తమ్ముడు నన్ను బతకనిస్తాడేటి?"

"మీరు నన్ను బతకనిచ్చేరేటి?"

సరే అన్నాను. అనక ఏం చేస్తాను?

పెద్దలు ముగ్గురు పొద్దున్నే వచ్చారు. విధవ ఎదురు రాకూడదు కాబట్టి నేను పెరటి తలుపు వెనక నిలబడ్డాను. వాళ్ళు వచ్చి షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్నాక కూడా తలుపు చాటునే ఉండమన్నారు. ముగ్గురిలో పెద్దాయనది మా కొట్టుకి మూడు కొట్ల అవతల బట్టల దుకాణం. పెద్ద షావుకారు అనేవాళ్ళం. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని కానివ్వమన్నాడు.

డ్రైవరు బోనెట్టు మీద చెయ్యేసి నిలబడ్డాడు. "ముందు అమ్మగోరు ఏటో సెప్తారంట బాబూ" అన్నాడు.

నేను చెప్పాను. నా గొంతు చిన్నప్పటి నుంచీ బొంగురు, తలుపు అడ్డం.

"ఏటంతాదిరా మీ అప్ప?" అన్నాడు పెద్ద షావుకారు తమ్ముడితో.

గట్టిగా చెప్పాను. "కూపన్లు తీసింది నా తమ్ముడు. నాను సూసాను. డ్రైవరు ముట్టుకోలేదు. తెలిసీ ఆ రోజు నోరు మూసుకున్నాను."

అప్పుడు నా తమ్ముడు నవ్వాడు. కోపం తెచ్చుకుని ఉంటే వాడే దొరికిపోయేవాడు. వాడికి ఆ తెలివి ఉంది.

"సూసారా తాతా? నిరుడు తాళం డ్రైవరు కాడున్నాదన్నాది. ఇయాల షెడ్డు పోతాదంటే తమ్ముడే దొంగంతన్నాది. రేపు మిమ్మల్ని అంతాది."

పెద్ద షావుకారు నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి మిగతా ఇద్దరూ నవ్వారు. "మొగుణ్ణి మింగీసిన నోరు, తమ్ముణ్ణి ఒదిలెస్తాదేటి" అన్నాడు అందులో ఒకడు, నాకు వినపడాలనే.

డ్రైవరు నవ్వలేదు. నన్ను చూడలేదు. నవ్వుతున్న వాళ్ళ ముఖాలు ఒకటొకటి చూశాడు. ఏడాదిగా మోస్తున్నది ఈ రోజుతో దిగుతుందనుకుని వచ్చాడు. నేను దించాను, వాళ్ళు మళ్ళీ ఎత్తి అతని నెత్తినే పెట్టారు.

నాన్న దాచి ఉంచిన డబ్బాలోంచి పెట్రోలు టాంకీలో పోశాడు. మూత పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. సీటు పక్కకి వంగలేదు. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు వంగుతాడు, ఇప్పుడు మర ఇప్పుతాడు అని. వంగలేదు. నేరుగా ముందుకి వెళ్ళి హేండిలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. పదిసార్లు, పదిహేనుసార్లు. వీపంతా చెమట కారేలా, చూసేవాళ్ళకి పాపం అనిపించేలా తిప్పాడు. ఇంజను దగ్గనైనా దగ్గలేదు.

"సచ్చిపోనాది బాబూ. ఇది మరి లేవదు" అన్నాడు.

మర ఇప్పు అని నేను తలుపు వెనక నుంచి అంటే చాలు. ఎందుకనలేదు? చేసిన పాపానికి శిక్ష అనుకుని ఊరుకున్నానని మీరు అనుకుంటారేమో. అదేమీ కాదు. వాళ్ళు అప్పుడే నా మాట విని నవ్వారు. మళ్ళీ నోరు తెరిచి మళ్ళీ నవ్వించుకోవడం నా వల్ల కాలేదు. అంతకంటే ఏమీ లేదు.

వెళ్ళేటప్పుడు డ్రైవరు నా తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "ఇప్పుడు సరిపోనాది మనకి" అని మెల్లగా అని పోయాడు. పెద్దలు నాకు అమావాస్య వరకు గడువిచ్చారు. ఈలోగా ఇనుము అమ్ముకుంటే అమ్ముకోవచ్చు.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు సీటు పక్కకి వంగి మర ఇప్పాను. గొట్టంలో పెట్రోలు జారిన చప్పుడు వినపడింది. వాసన వచ్చింది. మళ్ళీ కట్టేశాను. కారు బతికే ఉంది. నేను మళ్ళీ పెద్దల్ని పిలవొచ్చు, ఇంకెవరి చేతైనా హేండిలు తిప్పించొచ్చు, షెడ్డు నాదవుతుంది. కానీ అప్పుడు డ్రైవరు మోసం చేశాడని నేనే చెప్పాలి. చెయ్యని తప్పుకి ఒకసారి చెప్పుదెబ్బ తిన్నాడు. ఈసారి చేసిన తప్పుకి తింటాడు. తిననీ అని ఒక పూట అనుకున్నాను. వద్దని ఇంకో పూట అనుకున్నాను. అలా వారం గడిచింది. ఆఖరికి శ్రీకాకుళం బస్సులాయనకి కబురు పంపాను, అమ్ముతానని కాదు, ఒకసారి వచ్చి చూసుకోమని.

ఆయన వచ్చీరాగానే పెదవి విరిచాడు.

"సచ్చిపోయిందంట కదమ్మా? బజారంతా సెప్తన్నారు. టైర్ల బేరమే నాది."

"హేండిలు తిప్పండి" అన్నాను. నేను వంగి మర ఇప్పాను.

నాలుగో తిప్పుకి ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు గడగడలాడాయి. కొట్లో ఉన్న నా తమ్ముడు చేతిలో గోనెదారం ఉండగానే పరిగెత్తుకొచ్చాడు. వాడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అవతల పెద్ద షావుకారు తన దుకాణం మెట్ల మీదకి వచ్చి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, ఇటే చూస్తున్నాడు. నేను నాలుగడుగులు వీధిలోకి వేసి వినండి బాబూ అంటే చాలు, షెడ్డు నాది. అది తమ్ముడికీ తెలుసు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అప్పా, కారు అమ్మీ. వంటింటి పక్క గది నీకిస్తాను. ఇంట్లోనే ఉండు."

"ఆ గది నిండా గోనెలున్నాయి కదరా."

"తీయిస్తాను."

"ఎప్పుడు?"

వాడు అంత భయంలో కూడా ఒక రోజు పేరు చెప్పలేకపోయాడు.

నేను కారు వైపు చూశాను. ఒళ్ళంతా వణుకుతూ, పొగ కక్కుతూ ఉంది. షెడ్డు గెలుచుకుంటే ఏం గెలిచినట్టు? వీడి గుమ్మంలో, వీడి పెళ్ళాం పెట్టే చారు లేని అన్నం తింటూ, వీడు అడిగినప్పుడల్లా పెద్దల ముందు కారు స్టార్టు చేయించి చూపిస్తూ బతకాలి. దాన్ని కడుగుతూనే చావాలి. పొందూరులో మాలాంటి ఆడవాళ్ళు ఒక ఇంట్లో కూడి నూలు వడుకుతారని విన్నాను. అక్కడ పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ వాడతారట. మా ఇళ్ళల్లో చేప మాటెత్తితేనే నోరు పుక్కిలిస్తాం. ఆ దవడ చేత్తో పట్టుకోవడమే నయమనిపించింది. నా బంగారం నాకు కావాలి, బంగారంగా రాకపోతే డబ్బుగా.

"టైర్ల బేరం కాదు. నడిసే కారు బేరం సెప్పండి" అన్నాను బస్సులాయనతో.

గొణుక్కుంటూనే ఇచ్చాడు. నా వంటి మీద నుంచి తీసినదాంట్లో సగం కూడా రాలేదు. కొంగున ముడి వేసుకున్నాను.

తమ్ముడు ఊపిరి వదిలాడు. "నోరెప్పుడు ఇప్పాలో నీకెప్పుడూ తెల్లేదప్పా" అన్నాడు. నిజంగా జాలిపడే అన్నాడు, అదే నాకు ఒళ్ళు మండింది.

బస్సులాయన సీటెక్కి కూర్చుని, బయలుదేరబోయి ఆగాడు.

"అమ్మా, దీనికో డ్రైవరుండీవాడంట కదా. నాకు బస్సుకి మనిసి కావాల. దొంగని అంతన్నారు. నిజమేనా?"

"దొంగ కాడు. తీసింది ఈడు" అని తమ్ముణ్ణి చూపించాను.

తమ్ముడు నవ్వబోయాడు. బస్సులాయన నవ్వలేదు. నవ్వు నిలవని వాడి ముఖం చూసి, నమ్మినట్టే తల ఊపాడు. ఆ మాటని నమ్మినవాడు ఆయనొక్కడే.

"ఐతే మంచిదే. ఒక్కటే అడుగుతాను. ఇంజను కాడ అబద్దం ఆడడు కదా? మా బస్సు పలాస దారిలో ఆగిపోతే నాను సూడలేను. ఆడు సెప్పిందే నాను నమ్మాల."

అతను మిల్లులో మూటలు దించి మళ్ళీ బండెక్కడానికి నా నోట్లోంచి ఒక్క మాట రావాలి. అతని కాలి పుండు గుర్తొచ్చింది. పదిహేనుసార్లు తిప్పిన హేండిలు కూడా గుర్తొచ్చింది. సరిపోయిందన్నాడు నాతో. నాకు సరిపోలేదు.

"ఆడతాడు" అన్నాను.

బస్సులాయన కారు వీధిలోకి తీసి శ్రీకాకుళం వైపు తిప్పుకున్నాడు. ఆయన బస్సుకి వేరే మనిషిని పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. డ్రైవరు ఇంకా మిల్లులోనే ఉన్నాడని, కాలు బాగా పాడైందని పొందూరు రైలెక్కే ముందు ఎవరో చెప్పారు. స్టేషనుకి వెళ్ళే దారి కంటోన్మెంటు మీదుగా, అతని పాక ముందు నుంచే. నేను ఆగలేదు.